ఓబన్న బాగుండాది అన్న్యాడంటే

ఏం పాపా వైష్ణవీ, ఏందది, ఆ కడ్డీకి ఫోను బిగించి నా మూతి ముందర నిలబెట్టినావు? తియ్యొద్దులే, ఉండనీ. మీ అవ్వ చూస్తే ఈ ముసలి మొగానికి ఇంత సోకా అంటాది, అంతే. ఏమడిగితివి? ధర్మవరంలో తినేకి మంచి బండ్లు యాడుండాయనా? బెంగుళూరులో రైలెక్కి వచ్చింది దీనికా! నేనేమో తాతను చూసేకి వచ్చినావని పొంగిపోతాండా. ఆ పొట్లమేంది? సిద్ధమ్మ బండి ఉగ్గానా? ఆయమ్మ కోడలు మాధవి కట్టిచ్చిందా? ఆడ స్టూలు మీద పెట్టు. తింటా, తినకుండా యాడికి పోతా. మోకాళ్ళు పోయినప్పట్నుంచి ఆ బండి కాడికి పోయిందే లేదు నేను, ఏడాది దాటిపోయింటాది. ఏందీ, తినేసి నీ కెమెరాలో ఒక్క మాట చెప్పల్లనా, ఎట్లుండాదని? అదే పాపా కష్టం. ఆ ఒక్క మాటతో ఒగాయప్ప ఎన్ని అగచాట్లు పడినాడో నీకు తెలీదు. ఓబన్న పేరు ఇన్న్యావా? ఇనలేదా? మీ అమ్మ చెప్పలేదా? దానికేం గుర్తుంటాదిలే, చిన్నప్పుడు ఓబన్న తెచ్చిన బొరుగులు తినేది ఒగటే గుర్తుంటాది.

ఓబన్న అంటే మన పక్కింటి మగ్గమాయప్ప. ఆయప్ప మగ్గం గుంతకూ మా మగ్గం గుంతకూ మధ్య ఒగటే గోడ. ఆ పక్క టకటకలు నిలిచిపోతే చాలు, 'ఓబన్న తినేకి లేచినాడు, మనకూ టీ పెట్టల్ల' అనేది మా యమ్మ. గడియారమెందుకు మాకు. నేసేది బాగనే నేసేవాడు, ఆయప్ప అంచు పెట్టినాడంటే పెండ్లికూతురు కండ్లు ఆడనే నిలిచిపోవల్ల. కానీ ప్రాణమంతా నాలిక కొసన ఉండేది. నేసిన చీరలు హిందూపురంలో, పెనుకొండలో అంగళ్ళకు ఏసేకి తానే పోయేవాడు. 'నేనే మనిషిని పంపిస్తాలే ఓబన్నా' అని షావుకారు అన్న్యా ఒప్పుకునేవాడు కాదు. చీరలు సాకు పాపా, తిండి అసలు పని. మూట సంకలో పెట్టుకొని బస్సు దిగినాడంటే ముందు అంగడికి పోడు, బండి కాడికి పోతాడు. హిందూపురం బస్టాండు పక్కన ఒగ కన్నడమామె చిత్రాన్నం అమ్ముతాండె, కాలంలో మామిడికాయది, కాలం కానప్పుడు నిమ్మకాయది. పెనుకొండలో కొండకు పోయే దావలో ఇస్సాకని ఒగాయప్ప మసాలా బొరుగులు కలుపుతాండె. చెనిక్కాయ విత్తనాలు ఏంచి, ఎర్రగడ్డలు సన్నగా తరిగి, నిమ్మకాయ పిండి, అబ్బబ్బ, పొట్లం చేతికొచ్చే లోపలే నోట్లో నీళ్ళూరేవి. అదే ఇప్పుడు పో, ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ పడినాక పెనుకొండ దావంతా కొరియావాళ్ళ హోటళ్ళే, ఆ బోర్డులు నాకు చదివేకి రావు, చదివినా అదేం తిండో తెలీదు. సరే, యాడున్న్యా? ఆ, కదిరి దిక్కు పోతే ముదిగుబ్బలో బస్సు రోంతసేపు నిలబడేది. ఆ రోంతలోనే గుంతపొంగణాలు తిని, డ్రైవరుకు రెండు తినిపిచ్చి, బస్సును ఇంగ రోంతసేపు నిలబెట్టేవాడు. మంచి బండ్లు యాడుండాయని అడిగితివే, ఆ కాలంలో ఓబన్న ఎనకాల పోతే చాలు. అడిగితే మాత్రం చెప్పడు.

ఎందుకు చెప్పడంటే ఆయప్పకు ఒగ పట్టింపు. వాళ్ళమ్మ చౌడక్క నేర్పిచ్చిన పట్టింపు. చంటిబిడ్డను చూసి ముద్దుగా ఉండాదంటామా మనం? అనం. 'మూతి చూడు, కోతిపిల్ల మాదిరుండాది' అంటాం. నరుడి కంటికి నల్లరాయి పగుల్తాదంటారు గదా. మా మగ్గాలోళ్ళకైతే ఇంగా ఎక్కువ, మగ్గం మీదుండే చీరను ఎవురన్నా బాగుండాదంటే పోగు తెగుతాదని ఎంటనే పక్కకు తిరిగి థూ అని ఊంచుతాం. ఓబన్న ఈ పట్టింపును తిండికి కూడా తెచ్చిపెట్టినాడు. ఆయప్పకు నచ్చితే తిట్టల్ల. రోంత నచ్చితే 'ఛీ' అంటాడు. బాగా నచ్చితే 'థూ, ఉప్పా ఇది, మన్నా?' అంటాడు. ఇంగ ప్రాణం లేచొచ్చిందనుకో, చొక్కా చేతితో మొగం మీద చెమట తుడుచుకొని, 'ఇది గొడ్డు కూడా ముట్టదు! యా దొంగనాయాలు నేర్పిచ్చినాడు నీకు వంట?' అని వీధంతా ఇనపడేట్లు అరుస్తాడు. మీ ఫోన్లో చుక్కలిస్తారే, ఐదు చుక్కలని, అట్లన్నమాట. హిందూపురం ఆమెనైతే 'ఏనమ్మా, ఇదు చిత్రాన్ననా?' అని ఆయమ్మ భాషలోనే తిట్టేది, ఆయమ్మ నవ్వుకుంటా ఇంగో గరిటె ఏసేది. అదే, తినింది బాలేదనుకో, యాడలేని మర్యాద వచ్చేస్తాది ఆయప్పకు. ఆకు మడిచి, చెయ్యి కడుక్కొని, మెల్లిగా 'బాగుండాదప్పా' అని లేచొస్తాడు. అంతే, ఆ బండి పని అయిపాయె. బాలేనిదానికి దిష్టి ఎట్ల తగుల్తాది, పొగిడితే మనదేం పోతాది అనేది ఆయప్ప లెక్క. ఊరంతా తెలుసు ఈ లెక్క. కొత్తల్లుడు వస్తే మామ ముందు ఇదే చెప్పేవాడు. చెప్పని ఇంట్లో ఏమాయెనంటే, అల్లుడు పోయి ఓబన్న బాగుండాదన్న్యాడని మిక్చరు తెచ్చి, అత్తగారింట్లో అందరి కడుపులూ పాడుచేసినాడు.

సిద్ధమ్మ బండి పెట్టింది ఆ కాలంలోనే. మొగుడు పోయినాడు, ఇంట్లో బిడ్డలు, చేతిలో ఉండేది ఉగ్గాని చేసే విద్య ఒగటి. స్టేషను దావలో సందు మొగదల నిలబెట్టింది. బొరుగులు నీళ్ళల్లో ముంచి, పిండి, తిరగవాతలో ఏసి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ. దీంట్లో కొత్తేముంది, అందరూ చేసేదే గదా అంటావు. కొత్తదేమంటే, బండి కింద ఒగ బకెట్టు నీళ్ళు, ఒగ గిన్నెలో సీకాయ పొడి. మా చేతులకు నూనె జిడ్డుంటే పట్టు మీద మరక పడతాది, ఇంగ ఆ చీర అంగట్లో చెల్లదు. అందుకే మగ్గాలోళ్ళు పొద్దున్నే బజ్జీ అంటే భయపడి, ఇంట్లో సంగటి ముద్ద మింగి గుంతలో దిగేవాళ్ళు. ఆయమ్మ సీకాయ పెట్టినాక భయమేముంది? తిను, రుద్దుకో, కడుక్కో, పోయి మగ్గంలో కూర్చో. ఆ సీకాయ చూసే ఓబన్న ఆడ నిలబడినాడు. తిన్న్యాడు. చొక్కా చేతితో మొగం తుడుచుకున్న్యాడు. నేను పక్కనే ఉండా. ఉన్నట్టుండి అరిచినాడు చూడు, 'ఏమ్మే, బొరుగులా ఇవి? మా ఇంటి మీద కప్పిన బోద ఇంతకన్న్యా మేలు! రేపు ఈ బండి ఈడ కనపడితే తగలబెడతా!' పాపం ఆయమ్మ కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చింది, సంతోషానికి. మరసనాడు సందులో మనుషులు పట్టలేదు. ఓబన్న కూడా వచ్చినాడు, 'తగలబెడతానంటి గదా, ఉండు, తినేసి తగలబెడతా' అని కూర్చున్న్యాడు. ఇంగ రోజూ అదే కథ. ఆయప్ప తిట్టి తిట్టి ఆయమ్మ బిడ్డల్ని ఇస్కూలుకు పంపించినాడనుకో.

ఆ సందుకు ఎదురుగా ధనుంజయ హోటలు తెరిచినాడు. తాడిమర్రి దిక్కు భూములుండే రైతాయప్ప. ఎన్నేండ్లు చెనిక్కాయలు పెట్టినా వాన రాదు, హోటలుకు వానతో పనేముందని ఊర్లోకి వచ్చినాడు. అద్దాల తలుపు, తిరిగే ఫ్యాన్లు, గల్లాపెట్టె కాడ గిన్నెలో సోంపు. అన్నీ ఉండాయి, మనిషి రాడు. ఎట్ల వస్తాడు? ఓబన్న ఇంగా తిట్టలేదు గదా. ఆయప్పే ఓబన్న ఇంటికి వచ్చినాడు, చేతిలో శాలువా, పండ్లు. 'అన్నా, నువ్వొచ్చి నా దోసెను తిట్టల్ల' అన్న్యాడు. పెండ్లికి పిలిచినట్లు పిలిచినాడు పాపా. ఓబన్న కాదంటాడా, తినేకి పిలిస్తే. ఇంగ ఆ పొద్దు చూడల్ల ఆ సంబరం. హోటలు ముందర మైకు కట్టించినాడు, తిట్టేది ఊరంతా ఇనపడల్లని! ఫ్యాను కింద కూర్చోబెట్టి, ఒగడు దోసె తెస్తాడు, ఒగడు చెట్నీ ఏస్తాడు, ఒగడు ఊరికే నిలబడి ఓబన్న మూతి చూస్తాంటాడు. ఆయప్ప దోసె మొత్తం తిన్న్యాడు, సాంబారు తాగినాడు, సోంపు నోట్లో ఏసుకున్న్యాడు. మైకు చేతికి తీసుకొని, సభలో మాట్లాడినట్లు, 'చానా బాగుండాది. సాంబారు కూడా బాగుండాది. ధనుంజయప్ప మంచి మనిషి' అని నమస్కారం పెట్టినాడు. ధనుంజయ మొగం చూడల్ల, పాలు విరిగినట్లాయె. మైకు ఇంగా ఆరిపోలేదు, దాంట్లోనే ఇనపడతాంది, 'అన్నా, ఒక్క ఛీ అన్నా అనన్నా!' 'రాదప్పా, నోరు రాదు, అంత బాగుండాది.' మాపటేలకు ఆ హోటల్లో సప్లయరు పిల్లోళ్ళే సిద్ధమ్మ బండి కాడ నిలబడి బజ్జీలు తింటాండ్రి.

కోపం ఓబన్న మీద, దెబ్బ పడింది సిద్ధమ్మ మీద. ఆమె తిండి తిని జనాలకు జబ్బులొస్తాండాయని ఎవురో పైకి అర్జీ పెట్టినారు. ఎవురని నేను చెప్పను, ఆయప్పా పోయినాడు ఇప్పుడు. ఒగనాడు పొద్దున్నే తిండి చెకింగు ఆఫీసరు దిగినాడు, కోస్తా నుంచి కొత్తగా వచ్చినాయన, ఇస్త్రీ మడత నలగని మనిషి. బండి చుట్టూ తిరిగినాడు, నూనె చూసినాడు, వంగి కింద గిన్నె చూసినాడు. 'ఇదేమిటమ్మా ఈ పొడి? బజ్జీల్లో ఏం కలుపుతున్నావు నువ్వు?' సీకాయ సార్ అని ఆయమ్మ చెప్పే లోపలే వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్న్యాడు. ఇంగ చూడు, ఆ మూతి! సందంతా నవ్వింది. నవ్వకుండా ఉంటే బాగుండు, ఆఫీసరుకు పంతం వచ్చేసింది. 'ఈ బండిని ఇప్పుడే ఎత్తించేస్తా' అన్న్యాడు. ధనుంజయ తన హోటలు మెట్ల మీద నుంచి, 'ఊరికే ఎందుకు సార్, ఆ ఓబన్నను అడగండి, రోజూ తినేది ఆయనే, ఆయన మాట ఈ ఊరికి వేదం' అన్న్యాడు. ఆఫీసరు కాగితం తీసి, కలం మూత ఇప్పి, 'చెప్పండి, ఈమె తిండి ఎలా ఉంటుంది?' అని అడిగినాడు.

అయిపాయె. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. తిడితే ఆఫీసరుకు తిట్టుగానే ఇనపడతాది, బండి పోతాది. పొగిడితే ఊరికి ఇంగోరకంగా ఇనపడతాది, బేరం పోతాది. దానికి తోడు ఇన్నేండ్లు దిష్టి తగలకుండా కాపాడిన తిండికి తానే దిష్టి పెట్టినట్లాయె. సిద్ధమ్మ చేతులు కట్టుకొని ఆయప్పనే చూస్తాంది, ఎనకాల బిడ్డలు. ఓబన్న చేతిలో సగం కొరికిన బజ్జీ ఉండె. దాన్ని చూసినాడు, ఆయమ్మను చూసినాడు. 'బాగుండాది సార్' అన్న్యాడు. పన్ను పీకితే వచ్చినట్లు వచ్చింది ఆ మాట. అనేసి ఎంటనే పక్కకు తిరిగి థూ థూ థూ అని ఊంచినాడు. ఆఫీసరు 'బాగున్నదాన్ని ఉమ్మేస్తావేమయ్యా' అన్న్యాడు గానీ, రాసుకున్న్యాడు, పోయినాడు. పోయేటప్పుడు నాలుగు బజ్జీలు కట్టించుకున్న్యాడులే.

బండి నిలబడింది. మరసనాడు మనిషి రాలేదు! మేమందరం ఆడనే ఉంటిమి పాపా, ఎందుకన్న్యాడో కండ్లారా చూస్తిమి. సిద్ధమ్మను కాపాడేకి అన్న్యాడని ప్రతి ఒగనికీ తెలుసు. తెలిసినా, ఏమో, ఓబన్న నోట్లోంచి బాగుండాది అని వచ్చింది గదా, ఏముందో ఏమో అని తలకాయ పక్కకు తిప్పుకొని పోతాండారు. నేను పోతాంటే 'ఏం కుళ్ళాయప్పా, ప్రాణం మీద ఆశ లేదా?' అని నన్నే ఎగతాళి చేసినారు. ఇదీ మన ఊరు. ఓబన్నకు తిక్క రేగింది. పొద్దున్నే బండి ముందర నిలబడి తిట్టిందే తిట్టు, గొడ్డు ముట్టదు, కుక్క మూచూడదు, సచ్చినోనికి పెట్టినా లేచి పారిపోతాడు! ఎంత తిట్టినా ఎవురూ నమ్మరు. 'ఆ పొద్దు బాగుండాదన్న్యావు, ఈ పొద్దు గొడ్డు ముట్టదంటావు, యాది నిజం ఓబన్నా?' అని నవ్వుతారు. అన్నేండ్లు నిలబెట్టుకున్న మాట, ఒగసారి తప్పితే చెల్లని బిళ్ళ అయిపాయె. ఆఖరికి సిద్ధమ్మే, పాపం బొరుగులన్నీ మెత్తబడిపోతాండాయి, ఏడ్చేకి కూడా ఓపిక లేదు, చేతులెత్తి మొక్కింది. 'ఓబన్నా, నువ్వు పొగిడి సంపితివి, తిట్టి సంపుతాండావు. ఆ నోరు ఇంగ తినేదానికి మాత్రం పెట్టుకో నాయనా.'

ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదని ఊరికే అన్న్యారా. ఆ పొద్దు నుంచి ఓబన్న మాట మానేసినాడు. బండి పక్కన నూనె డబ్బా బోర్లిచ్చుకొని కూర్చొని, రోజూ తినేది, చెయ్యి రుద్దుకొని కడుక్కునేది, పోయేది. ఛీ లేదు, థూ లేదు, బాగుండాది లేదు. ఊరికి పిచ్చెక్కిపాయె. ఏమంటాడో ఈ పొద్దన్నా చూస్తామని ఒగడొచ్చినాడు, ఇద్దరొచ్చినారు. ఓబన్న నమలతాంటే ఆయప్ప దవడ చూసుకుంటా నిలబడినారు. ఊరికే నిలబడి ఏం చేస్తారు? ఎదురుగా బజ్జీలు కాగుతాండాయి, వాసన వస్తాంది. ఆయప్ప తీర్పు చెప్పే లోపల ఒగ ప్లేటు తిందామన్న్యారు. ఆయప్ప చెప్పనే లేదు, వీళ్ళు తినేది మాననే లేదు! నవ్వుతావేం, నిజం. కానీ ఆయప్పకు అది పెద్ద శిక్షే పాపా. మంచి తిండి నోట్లో పడినప్పుడు తిట్టు గొంతు కాడికి వచ్చి నిలబడేది, కండ్లల్లో నీళ్ళు తిరిగేవి, బజ్జీతో పాటు దాన్నీ మింగేసేవాడు. హిందూపురం పోయినా, పెనుకొండ పోయినా అదే. 'ఏమప్పా, నా మీద కోపమా, తిట్టవేం?' అని ఇస్సాకు బాధపడినాడంట. సచ్చేదాకా యా తిండినీ ఒగ మాట అనలేదు.

అనలేదంటే, ఒగసారి అన్న్యాడు. మంచాన పడినాడు, ఏదీ లోపలికి పోదు, నీళ్ళు కూడా చెంచాతో పోయల్ల. సిద్ధమ్మ బండి మూసేసి వచ్చింది, టిఫిను డబ్బాలో ఉగ్గాని, మెత్తగా పిసికి తెచ్చింది. చిటికెడు తీసి నోట్లో పెట్టింది. నేను గోడకు ఆనుకొని ఉండా. ఎంతసేపు నమిలినాడో, పండ్లే లేవు నమిలేకి. కండ్లు తెరిచి ఆయమ్మను చూసి, గొంతు యాడుందో ఎతుక్కొని, 'గొడ్డు కూడా ముట్టదమ్మే ఇది' అన్న్యాడు. సిద్ధమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది, ఏడుస్తానే నవ్వింది. నాకూ ఆగలేదులే. అదే ఆయప్ప ఆఖరి ముద్ద.

ఇప్పుడు నీ సంగతి చెప్పు. పోయిన ఉగాదికి వచ్చి మాధవి బండి కాడ నిలబడి, ముద్ద నోట్లోకి పోకముందే కండ్లు తేలేసి, 'వేరే లెవెలు గైస్, స్వర్గం' అంటివి. తినబోతూ రుచులెందుకంటారు, నువ్వు తినకముందే రుచి చెప్తివి. లచ్చలమంది చూసినారంట. కార్లేసుకొని వస్తాండారంట, తినేటోళ్ళకన్న్యా ఫోటోలు తీసేటోళ్ళే ఎక్కువని మీ అవ్వ చెప్తాంది. సీకాయ గిన్నె ఉండాదా ఆడ? లేదా? టిష్యూ కాగితాలా. ఊఁ. ఉండనీలే. మాధవి మంచి కోడలు, సిద్ధమ్మ పక్కన నిలబడి, నూనె మీద పడి చెయ్యి కాల్చుకొని నేర్చుకున్న పిల్ల. ఓబన్న లెక్క కూడా అత్త చెప్పిపెట్టింది. నేను పోయినప్పుడంతా 'మామా, ఈ పొద్దు తిట్టవా?' అని అడిగి తిట్టించుకునేది. తిట్టకపోతే ప్లేటు చేతిలోంచి తీసుకొని మళ్ళ చేసిచ్చేది. అందుకే ముందే చెప్తాండా, బాగుంటే నేను తిడతా. కెమెరా ఉందని ఆగేది లేదు. నీ లచ్చలమంది ఏమన్నా అనుకోనీ, మాధవికి అర్థమైతే చాలు నాకు.

ఇట్లియ్యి పొట్లం. రబ్బరు తియ్యి, నా వేళ్ళకు రాదు. ఇదేంది పైన తెల్లగా తురిమినారు? చీజా? మరి ఈ కారేది? మయొనీసా. నువ్వే చెప్పినావా ఏస్తే వీడియోలో బాగా కనపడతాదని? సరే, సరే, ఎవురు చెప్పినా. అడుగున ఉండాదిలే ఉగ్గాని, యాడికి పోతాది. పప్పుల పొడి యాడ? వాసన రాలేదే. బజ్జీ చల్లారింది, దానికేంలే, దూరం నుంచి తెచ్చినావు. ఉండు, తినేటప్పుడు మాట్లాడించొద్దు.

ఇంగొక ముద్ద తిననీ. తొందరపడి చెప్పకూడదు.

ఊఁ. ఫోను చూసి చెప్పల్లనా? ఇట్లనా? బాగుండాది. చానా బాగుండాది. మాధవి మంచి మనిషి.

ఏం పాపా, అంత సంబరమా నీకు? ఈ వీడియో మాధవి కూడా చూస్తాదా? చూస్తాదిలే. ఆ నీళ్ళ చెంబు ఇట్లందియ్యి. నీ రైలు ఎన్నింటికి?